సీసం బిళ్లను ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ మీద వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది. కానీ చక్రవర్తి ఉత్తరాలకు వేసే బంగారు ముద్రకు రెండు పేరాలిచ్చి, మిగతా అధికారులు సీసంతో సరిపెట్టుకునేవారని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ నాకు ఉక్రోషం వచ్చింది. అసలు కథంతా ఆ సీసంలోనే ఉందండీ.

ఆ సీసం ముద్ర నాణెమంత బిళ్ల. దాని లోపల ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి బెజ్జం ఉంటుంది. ఉత్తరాన్ని కట్టిన దారం కొసలు అందులోంచి దూర్చి, దవడల మీద అక్షరాలు చెక్కిన ఇనప పటకారు మధ్య బిళ్లను పెట్టి, పైనుంచి సుత్తితో ఒక్కటిస్తే, మెత్తటి సీసం అణిగిపోయి దారాన్ని పట్టేసుకుంటుంది, రెండు వైపులా ముద్ర ఒకేసారి పడుతుంది. ఇక దారం తెంపకుండానో బిళ్ల పగలగొట్టకుండానో ఉత్తరం విప్పడం కుదరదు. చాలా బిళ్లల మీద అచ్చు పక్కకి జరిగి పేరులో సగం అక్షరాలు అంచు దాటిపోయి ఉంటాయి, పాపం గుమాస్తా ఎంత హడావుడిలో ఉన్నాడో!

ఒకవైపు మరియమ్మో, సెయింట్ జార్జో, లేదా శిలువ ఆకారంలో అల్లిన అక్షరాలో. రెండో వైపు 'నీ సేవకుడికి తోడుండు' అనే ప్రార్థన, పేరు, ఆస్థాన బిరుదు, ఉద్యోగం, ఏ రాష్ట్రమో. బిరుదు వేరు, ఉద్యోగం వేరు, ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్రొటోస్పథారియోస్ అనేది బిరుదు, స్ట్రాటెగోస్ అంటే ఒక రాష్ట్రానికి సైన్యాధిపతి, పాలకుడు కూడా. 6వ లియో చక్రవర్తి కాలంలో అనటోలికోన్ రాష్ట్రపు స్ట్రాటెగోస్ జీతం ఏడాదికి 40 పౌండ్ల బంగారం. అంత జీతం తీసుకునే ఆయన కూడా ఉత్తరానికి వేసుకునేది సీసమే, ఎందుకంటే బంగారు ముద్ర చక్రవర్తిది.

7, 8 శతాబ్దాల కొమ్మెర్కియారియోస్‌లనే అధికారుల ముద్రలు ఇంకా తమాషా. వాటి మీద చక్రవర్తి బొమ్మ, ఏ రాష్ట్రపు గిడ్డంగి, పన్నుల లెక్కకు వాడే 15 ఏళ్ల చక్రంలో ఎన్నో ఏడాది అనేవి ఉంటాయి. ఏడాది సంఖ్య ఒక్కటే అయితే ఏ చక్రంలోదో తెలియదు, బొమ్మ కూడా ఉండబట్టి చాలాసార్లు కచ్చితమైన సంవత్సరమే చెప్పొచ్చు. ఆ గిడ్డంగుల్లో పట్టు దాచారా, సైన్యానికి సామాను సరఫరా చేశారా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకైతే ఆ తగవు ఏ పట్టాభిషేకం కంటే కూడా ఆసక్తిగా ఉంటుంది.

బల్గేరియా రాజధాని ప్రెస్లావ్‌ను 971లో బైజాంటైన్ చక్రవర్తి జాన్ జిమిస్కెస్ పట్టుకుని, తన పేరు మీద యోన్నూపోలిస్ అన్నాడు. అక్కడి తవ్వకాల్లో సీసం ముద్రలు గుట్టలుగా దొరికాయి. కొత్తగా వేసిన స్ట్రాటెగోస్ లియో సరకెనోపౌలోస్ ముద్రలు వాటిలోనే ఉన్నాయి. ఊరి కొత్త పేరు ఎక్కువ రోజులు నిలవలేదు, ఉత్తరాలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి, సీసం మాత్రం మిగిలింది. క్రిమియాలోని ఖెర్సోన్‌లోనూ ఇలాగే చాలా దొరికాయి. మామూలుగా ముద్ర దొరికేది ఉత్తరం అందుకున్న చోట, కాబట్టి దొరికిన చోటు తెలిస్తేనే ఎవరు ఎక్కడికి రాశారో తెలుస్తుంది.

అందుకే వేలంలో అమ్మే ముద్రల్ని చూస్తే బాధేస్తుంది. మెటల్ డిటెక్టర్‌తో తవ్వి తీసి, కడిగి, ఫొటో పెట్టి, 'పాత సేకరణ నుంచి' అని రాసేస్తారు. పేరు మిగులుతుంది, ఊరు పోతుంది. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ అనే పరిశోధనా సంస్థలో దాదాపు 17,000 ముద్రలున్నాయి, వాటిలోనూ ఎన్నో బజార్లో కొన్నవే, ఎక్కడ దొరికాయో చెప్పేవాళ్లు లేరు.

ఒక్క విన్నపం. మీ వ్యాసంలో వేసిన ముద్ర ఫొటోలో బొమ్మ ఉన్న వైపే చూపించారు. పేరు, ఉద్యోగం ఉండేది వెనకవైపు. దాన్నీ వేయండి, కింద ఎక్కడ దొరికిందో ఒక లైన్ రాయండి.

— మీ పాఠకుడు