వెలుగునీడల వెనక ఉన్న మనుషుల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

జర్మన్ మూకీ చిత్రాల గురించి మన సినిమా పేజీల్లో వచ్చే వ్యాసాలైనా, ఫిల్మ్ సొసైటీల ప్రదర్శనలకు ముందు చేసే పరిచయాలైనా, నేను చూసినంతలో వెలుగునీడల దగ్గర, వంకర గోడల సెట్ల దగ్గర ఆగిపోతున్నాయి. 1920 నాటి ప్రసిద్ధ జర్మన్ మూకీ చిత్రం ‘కాలిగరి’ కథ రాసిన ఇద్దరూ, నిర్మాత ఎరిక్ పోమర్ కూడా యూదులేనన్న మాట ఎక్కడా వినపడదు. యూదుడిగా పుట్టి జర్మన్ భాషను సొంతం చేసుకున్నవాడిని ఆ సమాజం తనవాడిగా ఒప్పుకుందా అన్నది ఆనాటి కళను కుదిపేసిన ప్రశ్న. దాన్ని పక్కన పెట్టి మనం ఏం చూస్తున్నట్టు?

‘యూదులు లేని నగరం’ సంగతే తీసుకోండి. హ్యూగో బెటావర్ 1922లో రాసిన నవల ఆధారంగా 1924లో వియన్నాలో విడుదలైన సినిమా అది. ధరలు మండిపోతాయి, జనం వీధికెక్కుతారు. పాలకులు నెపమంతా యూదుల మీదికి నెట్టి, వాళ్లను దేశం నుంచి వెళ్లగొడుతూ చట్టం చేస్తారు. రైళ్లు వాళ్లను తీసుకుపోతాయి. ఆ తర్వాత వ్యాపారాలు కూలిపోతాయి, నగరం కళ తప్పుతుంది, చివరికి వెళ్లగొట్టిన వాళ్లనే తిరిగి రమ్మంటారు. అది వ్యంగ్య చిత్రం. బయట జరిగింది వేరు. 1925 మార్చిలో ఒక నాజీ యువకుడు బెటావర్‌ను కాల్చాడు, కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. హంతకుడు మాత్రం రెండేళ్లు తిరిగేసరికి బయటికి వచ్చేశాడు. స్క్రీన్‌ప్లేలో భాగం పంచుకున్న ఇడా యెన్‌బాఖ్‌ను 1941లో మిన్స్క్ ఘెట్టోకు, అంటే యూదులను వేరుగా ఉంచిన పేటకు, తరలించారు. దర్శకుడు బ్రెస్లావర్ అప్పటికే నాజీ పార్టీ సభ్యుడు! ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఈ సినిమా దొరకదనడానికి లేదు. 2015లో పారిస్‌లోని పాత సామాన్ల సంతలో బయటపడ్డ ప్రతిని ఆస్ట్రియా ఫిల్మ్ ఆర్కైవ్ ప్రజల చందాలతో బాగుచేసి 2018లో మళ్లీ ప్రదర్శించింది.

డ్యూపాన్ 1923లో తీసిన ‘పాత ధర్మం’ కూడా చూడదగ్గది. పల్లెటూరి రబ్బీ (యూదుల మతగురువు) కొడుకు బారూఖ్ నటుడు కావాలని వియన్నా వస్తాడు. అద్దం ముందు నిలబడి యూదు సంప్రదాయం ప్రకారం పెంచుకున్న చెంపల మీది జడలు కత్తిరించుకుంటుంటే, ఆ పాత్ర వేసిన ఎర్న్‌స్ట్ డాయిచ్ ముఖంలో ఆశా భయమూ రెండూ కనిపిస్తాయి. అదే కాలపు మరో జర్మన్ మూకీ చిత్రం ‘గోలెం’లో ఘెట్టో అంటే మంత్రాలు, చీకటి సందులు. ఇక్కడ అది ఒక తండ్రి ఉన్న ఇల్లు. అయినా మనవాళ్లు ఎప్పుడూ ‘గోలెం’నే ఎంచుకుంటారు.

జర్మన్‌లో రాసిన ప్రాగ్ యూదు రచయిత కాఫ్కా విషయంలోనూ ఇంతే. ఆయన్ని ఒంటరితనానికి ప్రతినిధిగా మాత్రమే చదివాం. 1911లో ప్రాగ్‌కు వచ్చిన యిద్దిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) నాటక బృందం ఆయన్ని ఎంతగా కదిలించిందో మన సాహిత్య పేజీలు చెప్పలేదు.

అందుకే ఫిల్మ్ సొసైటీలకు నా విన్నపం: ఈసారి జర్మన్ చిత్రాలు వేసేటప్పుడు ‘యూదులు లేని నగరం’, ‘పాత ధర్మం’ రెండింటినీ, తెలుగులో ఒక మంచి పరిచయంతో చూపించండి. మీ ఆదివారం అనుబంధం కూడా వాటికి ఒక పేజీ కేటాయిస్తే మరింత మందికి చేరుతుంది.

– ఒక పాఠకురాలు, హనుమకొండ