అగ్నిగోళం ఎక్కడ పేలిందో తేల్చేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే పాచికల అదృష్టమేనని మీ పిల్లల పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో మనవడికీ అతని స్నేహితులకూ ఆ ఆట నడిపేది నేనే. పాచిక ఎలా పడినా ఎవరూ నోరెత్తరు. పోట్లాటంతా ఆటలో మాంత్రికుడు వేసే అగ్నిగోళం మంత్రం సరిగ్గా ఎక్కడ పేలిందన్న దాని మీదే.

ఆట నియమాల పుస్తకం 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం మాంత్రికుడు 150 అడుగుల లోపు ఒక బిందువు ఎంచుకుంటాడు. దాని చుట్టూ 20 అడుగుల వ్యాసార్ధంలో ఎవరున్నా, శత్రువైనా మిత్రుడైనా, ఎనిమిది పాచికలు వేస్తే ఎంత వస్తే అంత మంట దెబ్బ భరించాల్సిందే. చురుగ్గా తప్పుకుంటే సగం. గళ్ల కాగితం మీద ఒక్కో గడి 5 అడుగులు. ఇక పిల్లవాడు స్కేలు, కంపాసు తీస్తాడు. అర గడి అటు, అర గడి ఇటు జరిపి, శత్రువులందరూ లోపలికి, వాళ్లతో కత్తి కలిపిన స్నేహితుడు బయటికి వచ్చేదాకా వదలడు. ఆటలో అందరి వంతులూ కలిపి ఒక రౌండు అంటే 6 సెకన్లే, అంతలో మాంత్రికుడికి ఇంత కొలిచే తీరికెక్కడిది!

నేను ఉద్యోగమంతా గొలుసు లాగి పొలాలు కొలిచిన సర్వేయరును. కొలతంటే గిట్టక చెప్పడం లేదు. మా బల్ల దగ్గర ముందు నోటితో బిందువు చెప్పాలి, తర్వాతే స్కేలు. అంత చదివిన మాంత్రికుడికి ఆమాత్రం గురి ఉండదా తాతయ్యా అని మనవడి వాదన. ఉంటుంది. అందుకే చెప్పిన చోటే పేలుస్తాను, పాచిక వేసి పక్కకు జరపను. అంచు ఎందాకా వస్తుందన్న అంచనా మాత్రం అతని పూచీ. మిత్రులను మంట నుంచి తప్పించే విద్య అదే పుస్తకంలో విడిగా ఉంది. మంటలు, మెరుపుల్లాంటి మంత్రాల్లో ఆరితేరే ఎవొకేషన్ శాఖ మాంత్రికులు రెండో స్థాయిలోనే దాన్ని నేర్చుకుంటారు. అగ్నిగోళం వేసినప్పుడు తమకు కనిపించే నలుగురికి చిన్న సెగ కూడా తగలనివ్వరు. స్కేలుతోనే ఆ పని అయిపోతే, కోరి ఆ శాఖ తీసుకున్న అమ్మాయి ఏం కావాలి?

నన్నడిగితే ఇదే ఆటకు 1978 నాటి పుస్తకంలోని నియమమే గొప్పది. అప్పట్లో అగ్నిగోళం సుమారు 33,000 ఘనపుటడుగుల చోటు నింపేది. 30 అడుగుల పొడవు, అంతే వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో పట్టేది 9,000. మిగతా 24,000 ఎటు పోవాలి? 10 అడుగుల ఎత్తు, వెడల్పు ఉన్న నడవా ఒక్కటే దారైతే మంట 240 అడుగులు తన్నుకొస్తుంది. విసిరినవాడి మీసాలూ మిగలవు. ఈ లెక్క కాగితం మీద చేయిస్తే, బళ్లో గణితమంటే ఆవలించే కుర్రాడే అందరికంటే ముందు జవాబు చెప్పాడు.

ఈమధ్య ఓరుగల్లు కోట రాతి ద్వారాన్ని పటంగా గీసి ఆడుతున్నాం. లోపలికి దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. గోడ అడ్డుండగా మలుపు అవతల బిందువు పెట్టడం కుదరదు. అయితే ఐదో ఎడిషన్‌లో ఈ మంట మూలలు కూడా తిరుగుతుంది కాబట్టి మలుపు దగ్గరే పేల్చితే అవతలివాళ్లకూ సెగ తప్పదు. ఎన్ని అడుగుల ఇవతల పేల్చాలి? దీని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు, పాచిక ముట్టుకోకుండా.

ఈసారి ఆ పేజీలో పాచికల బొమ్మకు బదులు ఆ ద్వారం పటం గళ్లు గీసి, అడుగుల కొలతతో వేయండి. మా పిల్లలు కత్తిరించుకుంటారు.

— ఒక విశ్రాంత సర్వేయరు, హనుమకొండ