మా వారి కష్టకాలంలో తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ఆర్టీసీ రాజమహేంద్రవరం డిపోలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మా వారు గత నెలలో మమ్మల్ని విడిచి వెళ్లారు. పెద్దకర్మ పూర్తయి బంధువులంతా ఊళ్లకు వెళ్లారు కనుక, ఇన్నాళ్లూ మాకు అండగా నిలిచిన వారికి నేను, మా అమ్మాయి, అబ్బాయి ఈ నాలుగు మాటలతో కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము.

అమలాపురం రూటులో ఆయనను ఎరిగినవారికి ఆయన హాస్యం గురించి నేను చెప్పనక్కరలేదు. చిల్లర లేక టిక్కెట్టు వెనుక బాకీ రాసిచ్చేటప్పుడు, "ఇది నా ప్రామిసరీ నోటు, జొన్నాడ దాటితే వడ్డీ కూడా కడతాను" అనేవారట. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులైనప్పుడు, "నిన్నటిదాకా ప్రయాణికులు తిట్టేవారు, ఇకమీదట ఓటర్లు తిడతారు" అని డిపో అంతా నవ్వించారు. మా అబ్బాయి ఇంటర్ లెక్కల్లో తప్పి అన్నం మానేసి కూర్చుంటే, పక్కన చేరి, "సప్లిమెంటరీ అంటే వెనక బస్సురా, రద్దీ ఉండదు, కూర్చుని వెళ్లొచ్చు" అని కంచం ముందుకు జరిపారు. ఇంటి ఖర్చుల లెక్క అడిగినప్పుడు కూడా ఇలాగే ఏదో ఒకటి అని తప్పించుకునేవారన్నది వేరే సంగతి.

మూత్రపిండాలు పాడై వారానికి మూడు రోజులు, పూటకు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడపవలసి వచ్చినప్పుడు కూడా ఆ నోరు ఊరుకోలేదు. సూదులు గుచ్చి మెషిన్ ఆన్ చేయగానే "రైట్, రైట్" అనేవారు. కొన్నాళ్లకు పక్క మంచాలవాళ్లు కూడా ఆయనతో గొంతు కలిపేవారు. డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపి వేసిన ఫిస్టులా మీద వేలు ఆనిస్తే సన్నగా జుమ్మని అదురుతుంది. మనవడి వేలు అక్కడ పెట్టి "తాతయ్య చేతిలో బస్సు ఇంజను ఉంది చూడు" అనేవారు. నీళ్లు కొలిచి తాగమని డాక్టరుగారు చెప్పిన నాడు మాత్రం, "గోదావరి ఒడ్డున పుట్టి గ్లాసుకు లెక్క చెప్పాల్సి వచ్చిందే" అని కాసేపు మాట్లాడలేదు. తెల్లవారుజామునే ఆటో తెచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్లిన డిపో మిత్రులకు, నొప్పి తెలియకుండా కబుర్లలో పెట్టి సూది వేసిన టెక్నీషియన్లకు, ఉప్పు తగ్గించి ఆయన కోసం వేరుగా కూర వండి పంపిన పక్కింటి అక్కయ్యగారికి మేము ఎంతో రుణపడి ఉన్నాము.

ఆయన నేత్రదానానికి ఎప్పుడో అంగీకారపత్రం రాసి, "కళ్లు ఇస్తాను గానీ కళ్లజోడు ఇవ్వను, అది కొత్తది" అని మాతో అన్నారు. ఆ రాత్రి మాకు ఏమీ తోచని స్థితిలో, ఆ మాట గుర్తుచేసి ఐ బ్యాంకుకు ఫోన్ చేసింది మా మరిదిగారే. మరణించిన ఆరు గంటలలోపు కార్నియాలు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలు, సేకరించాలి కనుక, తాము వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టి, రెప్పలు మూసి వాటి మీద తడి దూది ఉంచమని ఐ బ్యాంకువారు ఫోన్లోనే ఓపికగా చెప్పారు. వేళకాని వేళ వచ్చి, ముఖంలో ఏ మార్పూ కనిపించకుండా పని ముగించి, వెళ్లేముందు ఆయనకు నమస్కరించి వెళ్లిన ఆ సిబ్బందికి మా ప్రత్యేక కృతజ్ఞతలు. కళ్లజోడు వాడేవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా కళ్లు ఇవ్వవచ్చునని చాలామందికి తెలియదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

పాడె మోసిన మిత్రులకు, కోటిలింగాల రేవులో కార్యక్రమాలు దగ్గరుండి జరిపించిన పెద్దలకు, పెద్దకర్మ నాడు వంటశాల బాధ్యత తమ మీద వేసుకున్న మా వీధివారికి నమస్కారాలు. మందుల దుకాణంలో మా ఖాతా బాకీ కట్టి, పేరు చెప్పకుండా వెళ్లినవారు ఎవరో దయచేసి మా అబ్బాయికి తెలియజేయండి. మీరు వద్దన్నా ఆ డబ్బు ఇంటికి వచ్చి ఇచ్చి వెళతాడు.