ఫోర్ట్ మోసే టూర్‌లో మీ గైడ్ చెప్పిన తప్పుడు చరిత్రపై ఫిర్యాదు

టూర్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల మీ బస్సులో ఫ్లోరిడాలోని టాంపా నుంచి సెయింట్ అగస్టీన్ దగ్గరున్న ఫోర్ట్ మోసే చూడటానికి వెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం. మా అత్తగారు విజయనగరంలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. "నేటి అమెరికా నేల మీద చట్టప్రకారం ఏర్పడ్డ తొలి స్వేచ్ఛా నల్లజాతి ఊరు, తెలుగు గైడ్‌తో గంటన్నర" అని మీ కరపత్రంలో చూసి, ఆవిడ కోసమే ఈ టూర్ బుక్ చేశాను.

తీరా అక్కడికి చేరాక గైడ్ సీట్లోంచి లేవకుండానే మైకులో, "ఇక్కడేం లేదండీ, అంతా బురద. ఇంగ్లీషువాళ్ళు బానిసల్ని ఉంచిన క్యాంపు. పావుగంటలో వచ్చేయండి, తర్వాత మాల్‌కి" అన్నారు.

టైమ్ కోసేయడం ఒక ఎత్తు, చరిత్రను తలకిందులు చేయడం ఇంకో ఎత్తు. అది ఇంగ్లీషువాళ్ళ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ ఊరు. ఇంగ్లీషువాళ్ళ కెరొలైనా తోటల నుంచి తప్పించుకొచ్చి కాథలిక్ మతం పుచ్చుకుంటే స్వేచ్ఛ ఇస్తామని, అప్పట్లో ఫ్లోరిడాను ఏలుతున్న స్పెయిన్ రాజు 1693లో ఆజ్ఞ ఇచ్చాడు. (ఊరికే ఏం కాదు లెండి, ఉత్తరం నుంచి వచ్చే దాడులకు వీళ్ళు అడ్డం నిలవాలి.) 1738లో వెలసిన ఆ ఊరి మిలీషియా (ఊరివాళ్ళతోనే ఏర్పడ్డ సాయుధ దళం) కెప్టెన్ ఫ్రాన్సిస్కో మెనెండెజ్ కూడా అలా తప్పించుకొచ్చినవాడే. 1740లో ఇంగ్లీషు సేన అక్కడ తిష్ఠ వేస్తే, స్పానిష్ సైనికులు, ఆదివాసులతో కలిసి ఈ ఊరివాళ్ళు తెల్లవారకముందే మీదపడి తరిమేశారు. 1763లో ఫ్లోరిడా బ్రిటిష్‌వాళ్ళ చేతికి పోయేసరికి, మళ్ళీ బానిసలు కాకూడదని ఓడలెక్కి క్యూబా వెళ్ళిపోయారు.

అత్తగారు మోకాళ్ళ నొప్పితోనే చెక్క వంతెన చివరిదాకా నడిచారు. చుట్టూ ఉప్పునీళ్ళు, రెల్లులాంటి గడ్డి, అవతల ఓ చెట్ల గుబురు. 1752లో రెండోసారి కట్టిన కోట ఉన్న చోటు అదే. మీ గైడ్ బురద అన్నది దాన్నే. ఇంతలో డ్రైవర్ హారన్ మోత. మ్యూజియం గుమ్మం కూడా తొక్కలేదు. మాల్‌లో మాత్రం రెండు గంటలు ఆపారు! అక్కడ మీకు కమిషన్ వస్తుందా అని నేను అడగను.

మా ఇద్దరి టికెట్లలో సగం డబ్బు వాపసు ఇవ్వండి. ఆ రోజు బస్సులో ఉన్న అందరికీ, ముఖ్యంగా పిల్లలున్నవాళ్ళకి, సరైన చరిత్ర తెలుగులో మెయిల్ చేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాను. రసీదు, కరపత్రం కాపీలు జత చేశాను.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన ప్రయాణికురాలు,
టాంపా