మాకు పెంకులు కడిగే పని ఇప్పించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీలో చేరినవాళ్లకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కామర్స్ వాళ్లు ఆడిటర్ ఆఫీసుకో బ్యాంకుకో వెళ్తారు, కంప్యూటర్స్ వాళ్లకి ఆన్‌లైన్‌లోనే బోలెడు దొరుకుతాయి. మరి బీఏ హిస్టరీ వాళ్లు ఎక్కడికి పోవాలి? మా క్లాసులో చాలామంది ఏదో ఒక సెంటర్‌లో పేరు రాయించుకుని, డేటా ఎంట్రీ చేశామని సర్టిఫికెట్ తెచ్చి కాలేజీలో ఇచ్చేశారు. వాళ్లని నేను తప్పుపట్టను, ఇంకో దారి ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం మా లెక్చరర్ గారు పట్టుబట్టి ఒక పురావస్తు తవ్వకం దగ్గర చోటు ఇప్పించారు. ఆ అవకాశం హిస్టరీ చదివే ప్రతి ఒక్కరికీ రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తవ్వకాలకి వెళ్లానంటే ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, బంగారం ఏమైనా దొరికిందా అని. దొరికేవి కుండ పెంకులండీ, రోజూ గంపలకొద్దీ. ట్రెంచ్‌లోంచి, అంటే కొలిచి తవ్వే గుంటలోంచి, వచ్చే ప్రతి సంచిలో ఒక చీటీ ఉంటుంది. ఏ ఊరు, ఏ ఏడాది, ఏ ట్రెంచ్, ఎన్నో పొర, ఎంత లోతు, అన్నీ దాని మీద రాస్తారు. ఆ చీటీ పోతే ఆ సంచిలోవి ఏ కాలానివో చెప్పడానికి ఆధారం పోయినట్టే. పెంకుల్ని తొట్టిలో వేసి మెత్తటి బ్రష్‌తో కడగాలి, గట్టిగా రుద్దితే పైపూత లేచిపోతుంది. లోపల మసో మాడో అంటుకుని ఉంటే అసలు నీళ్లు తగలనివ్వకుండా పక్కన పెట్టాలి, ఎందుకంటే అందులో ఏం వండుకున్నారో ల్యాబ్‌లో తేల్చే వీలుంది. కడిగినవి నీడన ఆరాక సన్నటి పెన్నుతో లోపలివైపు నంబర్ వేయాలి. మొదట్లో నాకు అన్నీ ఒకేలా కనిపించాయి, కొన్నాళ్లు పోయాక చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయేది. లోపలంతా, అంచు చుట్టూ నలుపు, బయట కిందివైపు ఎరుపు ఉంటే ఒక రకం. సన్నటి బూడిదరంగు పళ్లెం లోపల అడుగున చిన్న చిన్న గాట్లు వలయాలుగా తిరిగి ఉంటే అది రౌలెటెడ్ వేర్. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, అప్పటి పురావస్తు శాఖ అధిపతి వీలర్ తవ్వినప్పుడు బాగా పేరుకొచ్చిన రకం అది. అప్పట్లో ఇది మధ్యధరా దేశాల నుంచి వచ్చిందనుకున్నారు, ఇప్పుడు మన దేశంలోనే చేశారని ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఇదంతా నేను పుస్తకంలో చదివి పరీక్ష రాసేశాను కూడా, కానీ ఆ గాట్ల మీద వేలు పెట్టి చూసేదాకా నాకు ఏమీ అర్థం కాలేదు. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన పలుగు దెబ్బ శబ్దాన్ని బట్టే కింద నేల మారిందని చెప్పేవారు, తాపీతో గీకి చూస్తే నిజంగానే కొత్త పొర మొదలయ్యేది.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవాళ్లకి మా పక్కనే ఉన్న రెండు చోట్లు చూపిస్తాను. అమరావతి బౌద్ధ స్తూపాన్ని 1797లో ఆంగ్లేయ సర్వేయర్ మెకంజీ చూసినప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు తవ్వారు, 1880లో మద్రాసు గవర్నర్ హుకుంతో మొత్తం ఖాళీ చేయించారు. శిల్పాలు చెన్నైలో, లండన్‌లో భద్రంగానే ఉన్నాయి, కానీ ఏ పలక ఎక్కడ నిలబడి ఉండేదో సరిగ్గా రాసి పెట్టకపోవడంతో ఇప్పటికీ వాదనలే. నాగార్జునకొండలో మాత్రం ప్రాజెక్టు నీళ్లు వచ్చేలోగా 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కొలిచి, గీసి పెట్టారు. ఈరోజు ఆ నేల నీళ్లకింద ఉన్నా అక్కడి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి మనం ఇంత చెప్పుకోగలుగుతున్నామంటే ఆ నోట్లు, డ్రాయింగ్‌లు, మ్యూజియంలోని వస్తువులే కారణం.

ఇంకో సంగతి. మన పల్లెల్లో పాటిదిబ్బ, అంటే ఒకప్పటి ఊరు ఉన్న మట్టిదిబ్బ, తెలియనివాళ్లు ఉండరు. ఆ మన్ను ఎరువుగా బాగా పనిచేస్తుందని ఒకప్పుడు బళ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద పొలాలకి తోలుకుంటున్నారు. వందల ఏళ్లు మనుషులూ పశువులూ అక్కడ బతకబట్టే దానికి ఆ సారం వచ్చింది, మన్నుతోపాటు పొరలన్నీ పోతున్నాయి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద ఉంది, దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచమంతటికీ తెలిసింది. అలాంటి బూడిదని అంట్లు తోమే పౌడర్ కోసం తవ్వి అమ్ముకున్నారు. రైతుల్ని తిట్టి లాభం లేదు. ఆ ఊరి పిల్లే తవ్వకంలో పనిచేసి వచ్చి ఉంటే ట్రాక్టర్ తొట్టిలో పెంకులు చూడగానే ఆపమంటుంది, ఎవరికి ఫోన్ చేయాలో కూడా దానికే తెలుస్తుంది.

విద్యార్థులకి ఈ పని నేర్పడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1944లోనే వీలర్ తక్షశిలలో యూనివర్సిటీ విద్యార్థుల్ని పోగేసి తవ్వకంలోనే శిక్షణ ఇచ్చారు, తర్వాత పేరున్న పురావస్తు శాస్త్రవేత్త అయిన బి.బి. లాల్ లాంటివాళ్లు అక్కడే నేర్చుకున్నారు. విద్యార్థులు వస్తే పాడుచేస్తారని ఒక అధికారి మా లెక్చరర్ గారితో అన్నారట. అందుకే మా చేతికి మొదటిరోజే తాపీ ఇవ్వమని నేను అడగడం లేదు. పెంకులు కడగడం, నంబర్లు వేయడం, మ్యూజియం స్టోర్లలోని పాత సంచులకి జాబితా రాయడం, వీటితో మొదలుపెట్టనివ్వండి.

పురావస్తు శాఖ, ఉన్నత విద్యామండలి కలిసి కూర్చుంటే ఇది పెద్ద కష్టమైన పని కాదు. ఏ స్థలంలో, ఏ మ్యూజియంలో ఎంతమందిని తీసుకోగలరో ముందే ప్రకటించాలి. బస్సు చార్జీలకి, మధ్యాహ్నం భోజనానికి సరిపడా స్టైపెండ్ ఇవ్వాలి, లేకపోతే డబ్బున్న పిల్లలే వస్తారు. అమ్మాయిలకి ఉండే చోటు, టాయిలెట్ లేకుండా పిలవొద్దు, మా క్లాసులో ఇద్దరు ఆ ఒక్క కారణంతోనే ఇంట్లో ఒప్పుకోక మానేశారు. తవ్వకాలు ఎక్కువగా చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతాయి, ఆరో సెమిస్టర్ కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. కాబట్టి ఆ ప్రకటన దసరా సెలవులలోగా కాలేజీలకి చేరితే ఈ ఏడాది ఫైనలియర్ వాళ్లయినా డేటా ఎంట్రీ సర్టిఫికెట్ల వెంట పడకుండా దరఖాస్తు పెట్టుకోగలుగుతారు.

— ఒక బీఏ చరిత్ర విద్యార్థిని, పల్నాడు జిల్లా