మల్టీకోర్ అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్ ప్రకటనల్లో మల్టీకోర్ స్కోరును (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లన్నీ కలిసి చూపే వేగం) పెద్ద అక్షరాల్లో వేసి, సింగిల్‌కోర్ స్కోరును (ఒక్క కోర్ వేగం) వదిలేయడం కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది. 1967లో కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, ఒక పనిలో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగవలసి ఉంటే, 16 కోర్లున్నా వేగం 6.4 రెట్లకు మించదు. కోర్లను ఎన్ని పెంచినా 10 రెట్లు దాటదు. సినీబెంచ్ అనే వేగ పరీక్ష ఒక చిత్రాన్ని ముక్కలు చేసి కోర్లన్నింటికీ పంచుతుంది కాబట్టి, అక్కడ కోర్లు ఎక్కువైతే స్కోరూ బాగా పెరుగుతుంది. 2023లో వచ్చిన గీక్‌బెంచ్ 6 అనే మరో పరీక్ష మాత్రం ఒకే పనిని కోర్లన్నీ కలిసి చేసే పద్ధతికి మారింది. పాత 5వ వెర్షన్ అంకెలతో దాన్ని పోల్చడం అర్థం లేని పని. వెబ్ పేజీలు, టైపింగ్‌తో సరిపెట్టుకునే విద్యార్థికి సింగిల్‌కోర్ స్కోరే ముఖ్యం. వీడియో ఎడిటింగ్ చేసేవారి సంగతి వేరు. మీ సమీక్షల్లో రెండు స్కోర్లనూ, పరీక్ష వెర్షన్‌నూ తప్పక ముద్రించాలని మనవి.

– ఒక పాఠకుడు