పేద వృద్ధులకు జబ్బులు తక్కువా?

సంపాదకులకు,

బీపీ, షుగర్, గుండెజబ్బులు డబ్బున్న ఇళ్లలోని పెద్దవాళ్లకే ఎక్కువని, పేదల్లో తక్కువని సర్వే ఫలితాల పేరుతో తరచూ వార్తలు చదువుతుంటాం. కష్టం చేసిన ఒళ్లు కదా, జబ్బులు దగ్గరికి రావని పక్కనే ఎవరో ఒకరి వ్యాఖ్య కూడా ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం ఎక్కడా ఉండదు.

చాలా సర్వేల్లో అడిగేది ‘మీకు బీపీ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా?’ అని. అసలు డాక్టర్ దగ్గరికే వెళ్లని మనిషి ఏమంటాడు? లేదనే అంటాడు. కాగితం మీద ఆయన ఆరోగ్యవంతుడైపోతాడు. వైద్యం ఎవరికి అందిందో తెలుసుకోవడానికి ఈ ప్రశ్న పనికొస్తుందేమో గానీ, జబ్బు ఎవరికుందో దీంతో తేలదు. అమర్త్య సేన్ 2002లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి రాశారు. ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలో జబ్బుగా ఉందని చెప్పుకునేవాళ్లూ ఎక్కువే, బీహార్‌లో ఆ రెండూ తక్కువే. అమెరికాలోనైతే అలా చెప్పేవాళ్లు కేరళ కంటే ఎక్కువట! ‘ఈ వయసులో మోకాళ్లు నొప్పి పుట్టకుండా ఉంటాయా’ అని సరిపెట్టుకునేవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

మన దేశంలో వయసు మళ్లినవాళ్ల పరిస్థితిపై 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వే కొంత నయం. 72 వేల మందికి పైగా, ఎక్కువగా 45 ఏళ్లు దాటినవాళ్లను, ప్రశ్నలు అడగడమే కాకుండా బీపీ చూశారు, ఒంట్లో సత్తువ తెలిసేందుకు పిడికిలి బిగువు కొలిచారు, కంటిచూపు పరీక్షించారు. పిడికిలి బిగువు తెలియడానికి పాత మందుల చీటీ అక్కర్లేదు.

ఎవరు పేద, ఎవరు ధనికులు అన్నది ఇంకా చిక్కు. 70 ఏళ్ల మనిషికి జీతమెక్కడిది? ఇంట్లో ఉన్న వస్తువులు చూద్దామంటే కారూ ఏసీ కొడుకువి. కళ్లజోడు మార్చుకోవాలన్నా అడగాల్సిన తల్లిని కూడా సర్వే సంపన్నుల వరుసలో కూర్చోబెడుతుంది. పోనీ చదువు చూద్దామంటే ఆ తరం ఆడవాళ్లలో చాలామంది బడి మొహమే చూడలేదు. వాళ్లలో వాళ్లకున్న తేడా కనపడకుండా పోతుంది. చేసిన పని, చిన్నప్పటి ఇంటి పరిస్థితి, సొంతంగా చేతిలో ఉన్న డబ్బు విడివిడిగా అడగాల్సిందే. వీటిలో ఒక్కటే ఉంచమంటే నేను చివరిదాన్ని ఉంచుతాను.

ఇంకోటి. బాగా పెద్ద వయసులో పేద, ధనిక తేడా తగ్గినట్టు కనిపిస్తే వెంటనే సంతోషపడకూడదు. లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, కింది స్థాయి ఉద్యోగుల మరణాల రేటు పై అధికారులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. బలహీనులు ముందే పోతే, సర్వేకు దొరికేది తట్టుకుని నిలబడ్డ గట్టివాళ్లే. మరణాలనూ కలిపి చూడకపోతే ఆ లెక్క సగమే.

ఇకముందు చేసే సర్వేల్లో జనం చెప్పిన జబ్బులు, పరీక్షలో బయటపడ్డ జబ్బులు పక్కపక్కనే, ఆర్థిక స్థాయి వారీగా ప్రచురించాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా అలాంటి వార్త వేసేటప్పుడు, ఆ అంకె అడిగితే తెలిసిందా, పరీక్షిస్తే తేలిందా అన్నది ఒక్క వాక్యంలో రాయగలరు.

- ఒక పాఠకుడు